చంద్రుడి మీద నీలం జెండా

జనవరి 9

అమ్మాయికి,

బాబాయి రాసేది. ముందుగా నా చేతిరాతకి క్షమించు. నేను బోర్డులు రాసినవాణ్ణి. అడుగు ఎత్తు అక్షరమైతే గీత కొట్టుకోకుండా రాసేస్తాను. ఇంత చిన్న కాగితం మీద ఇంత చిన్న అక్షరం అంటే చెయ్యి నిలవదు. తప్పులు కూడా ఉంటాయి. బోర్డు మీద ఏం రాయాలో షాపువాళ్ళు చీటీ రాసిచ్చేవాళ్ళు, చూసి దించేవాణ్ణి. ఇప్పుడు చీటీ ఇచ్చేవాళ్ళు లేరు. చదువు ఊళ్ళో ఐదో తరగతితో సరి. సర్దుకుని చదువుకో.

నీ ఉత్తరం అందింది. పంపినవారు అన్నచోట చూసి కాసేపు గుమ్మంలోనే నిలబడ్డాను. మీ ఇంటి నుంచి నాకు కబురంటూ వచ్చి నలభై నాలుగేళ్ళు. పోస్టుమాన్ "ఎవరైనా పోయారా?" అని అడిగాడు. లేదు, ఉన్నారు అన్నాను.

నువ్వు అడిగిన బొమ్మ నేను వేసిందే. మిల్లు క్యాంటీన్ గోడ మీద ఉంది. మిల్లు లేదు, క్యాంటీన్ ఉంది. కుర్చీలు అద్దెకిచ్చే ఆయన అందులో కుర్చీలు పేర్చుకున్నాడు. వాటి వెనకాల చంద్రుడు ఉన్నాడు. నిన్న వెళ్ళాను. "ఎన్ని కుర్చీలు కావాలి పెద్దాయనా?" అన్నాడు. కుర్చీలొద్దు, చంద్రుణ్ణి చూసిపోతాను అంటే నన్ను కింద నుంచి పై దాకా చూశాడు.

నువ్వు దాన్ని వైజ్ఞానిక కల్పనా చిత్రం అని రాశావు. మేము వచ్చే కాలం బొమ్మ అనేవాళ్ళం. యూనియన్ కమిటీ వెయ్యమంది, వేశాను. చంద్రుడి మీద మిల్లు, యజమాని లేడు. ఎగిరే బస్సు, టికెట్ లేదు. అంట్లు తోమే యంత్రం ఒకటి. అది మీ అమ్మ అడిగితే పెట్టాను, కమిటీకి చెప్పలేదు. అన్నిటికీ పైన జెండా. కింద 2000 సంవత్సరం అని రాశాను. అప్పటికి అన్నీ అయిపోతాయని కమిటీ చెప్పింది. ఆ సంవత్సరం వచ్చింది, పోయింది. మిల్లు అంతకన్నా ముందే పోయింది.

మీ నాన్న అప్పుడు కమిటీ కార్యదర్శి. ఆ బొమ్మకి తెర తీసిన రోజు నుంచి అన్నయ్య నాతో మాట్లాడలేదు. నువ్వు నాకు రాసినట్టు ఆయనకి తెలుసా? ఒంట్లో ఎలా ఉంది? నా గురించి ఎప్పుడన్నా ఏమన్నా అంటాడా? ఆయనకి ఎనభై, నాకు డెబ్బై ఆరు. ఒక్క మాట అంటే చాలు. తిట్టినా సరే.

బాబాయి

జనవరి 20

బాబాయ్‌కి నమస్కారాలు.

మీ ఉత్తరాన్ని ఆఫీసులో అందరికీ చూపించాను, తిట్టకండి. మా మ్యూజియంలో ఈసారి పాతకాలం వాళ్ళు ఊహించిన భవిష్యత్తు బొమ్మలు పెడుతున్నాం. యజమానులు లేని లోకం, చంద్రుడి మీద సమష్టి పొలాలు, అంగారకుడి మీద కార్మిక సభలు. ఆ దేశాలు మునిగిపోయాక వాటి రాకెట్లకి గిరాకీ పెరిగింది. మీ గోడని అలాగే కోసి తెచ్చుకుంటాం. కుర్చీలాయన ఒప్పుకున్నాడు. "ఇన్నేళ్ళూ చంద్రుణ్ణి ఊరికే ఉంచుకున్నానా" అని బాధపడ్డాడట.

మా దగ్గర ఒక నిపుణుడు ఉన్నారు. ఖాళీ గోడ చూపించినా గంట మాట్లాడతారు కాబట్టి ఆయన లేనప్పుడు మేం "వ్యాఖ్యానం గారు" అంటాం. ఆయన ఫోటోలు చూసి ఊగిపోతున్నారు. మనుషులందరికీ ఒకటే ముఖం, వర్గరహిత సమాజం అట. ఇళ్ళకి తలుపులు లేవు, సొంత ఆస్తి పోయిందట. రాకెట్ మీద మూడు పొరల గుర్తులు ఉన్నాయట. పొగ ఎడమవైపుకే వంగిందట. అన్నిటికన్నా ముఖ్యం, జెండా. ప్రపంచంలో కార్మికుల బొమ్మలన్నిటిలో జెండా ఎరుపు. మీది నీలం. ఎందుకు బాబాయ్?

నాన్న నా దగ్గరే ఉంటున్నారు, మూడో అంతస్తు. అమ్మ పోయాక ఒక్కరే ఉండలేక వచ్చారు. భోజనాల దగ్గర మీ మాట ఎత్తాను. "ఎవడూ, ఆ నీలం జెండా గాడా?" అని కంచం పక్కకి తోశారు. కాసేపయ్యాక మళ్ళీ ఆయనే, "ఇంకా బోర్డులు రాస్తున్నాడా?" అన్నారు. మానేశారట అంటే, "చెయ్యి వణుకుతోందేమో" అని కంచం దగ్గరకి లాక్కున్నారు.

ఈ ప్రదర్శన బాగా జరిగితే నా ఉద్యోగం పర్మనెంట్ అవుతుంది. దయచేసి అన్నిటికీ జవాబులు రాయండి.

మీ అమ్మాయి

ఫిబ్రవరి 2

అమ్మాయికి,

చెయ్యి వణకడం లేదని మీ నాన్నకి చెప్పు. కళ్ళు తగ్గాయి, అంతే.

మీ వ్యాఖ్యానం గారికి జవాబులు. ముఖాలన్నీ ఒకటే ఎందుకంటే నాకు ఒక్క ముఖమే వచ్చు. తలనూనె బోర్డు మీద వేసే ముఖం. మగవాళ్ళకి మీసం పెట్టి తేడా చూపించేవాణ్ణి. చంద్రుడి మీద మీసాలేమిటని మీ నాన్న తీయించాడు.

తలుపులు ఆఖర్న వేద్దామని ఆపాను. తెర తీయడానికి వచ్చే పెద్ద నాయకుడు రెండు రోజులు ముందే వస్తున్నానని కబురు చేశాడు. తలుపులు పడలేదు.

పొగ ఎడమకి ఎందుకంటే కుడి పక్క కరెంటు స్విచ్చులు ఉన్నాయి.

రాకెట్ సంగతి కొంచెం పెద్దది. మొదట ఒక పెద్ద దేశం గుర్తు వెయ్యమన్నారు. వేశాను. బొమ్మ సగంలో ఉండగా ఆ దేశానికీ దాని పక్కనున్న పెద్ద దేశానికీ చెడింది. వాళ్ళక్కడ పోట్లాడుకుంటే ఇక్కడ మా కమిటీ రెండయింది. క్యాంటీన్‌లో బల్లలు కూడా ఇటు వాళ్ళవి ఇటు, అటు వాళ్ళవి అటు. పొద్దున వచ్చినవాళ్ళు ఈ గుర్తు వెయ్యమంటారు, సాయంత్రం షిఫ్టు వాళ్ళు ఆ గుర్తు వెయ్యమంటారు. మూడుసార్లు మార్చాక గుర్తే కనపడకుండా రాకెట్ వెనక్కి తిప్పేశాను. ఇప్పుడు అది వెళ్తోందో వస్తోందో నాకే తెలియదు. రెండు పక్షాలూ ఒప్పుకున్నది ఒక్క జెండా రంగే.

ఇక నీలం. ఎరుపు రంగు అయిపోయింది. మిల్లు దగ్గర రంగుల కొట్టు ఒకటే. అది యజమాని బావమరిదిది. యూనియన్‌కి ఎరుపు అమ్మనన్నాడు, కావాలంటే తెలుపు తీసుకోండి అన్నాడు. యూనియన్ పై ఆఫీసు వాళ్ళు ఒక డబ్బా ఎరుపు పంపారు. జెండాకి తప్ప దేనికీ వాడకూడదని కమిటీ తీర్మానం చేసింది. కొంచెం జెండా వేసేసరికి అయిపోయింది. తెల్లారితే నాయకుడు వస్తాడు. గోడ ఖాళీ వదిలితే మా పనిలో తలవంపులు. లాండ్రీ బోర్డు రాయగా మిగిలిన నీలం ఉంది. దాంతో నింపాను. మీరు అడిగిన భవిష్యత్తు ఇంతే.

మీ నాన్న ఇంకేమన్నా అన్నాడా?

బాబాయి

ఫిబ్రవరి 15

బాబాయ్‌కి,

మీ ఉత్తరం చదివి వ్యాఖ్యానం గారు కళ్ళు తుడుచుకున్నారు. "చూశారా, ఇన్నేళ్ళయినా ఆయన్ని భయం వదల్లేదు. కమిటీకి భయపడి అల్లుకున్న లాండ్రీ కథే ఇంకా చెబుతున్నాడు" అన్నారు. నేను కాదండీ, మా బాబాయ్ అబద్ధం ఆడే మనిషి కాదు అంటే, "మీకేం తెలుసమ్మా, గొప్ప కళాకారులు ఒప్పుకోరు" అన్నారు. భయపడకండి బాబాయ్. ఇప్పుడు కమిటీ లేదు. మిమ్మల్ని ఎవరూ ఏమీ చెయ్యలేరు. నాకైనా నిజం చెప్పండి.

ఇంకో విశేషం. ఈమధ్య ప్రపంచంలో నీలం జెండా దేశానిదే పై చెయ్యి అని తెలుసు కదా. ఓడలు వాళ్ళవి, ఫోన్లు వాళ్ళవి, నిరుడు చంద్రుడి మీదకి యంత్రాన్ని దింపింది కూడా వాళ్ళే. వాళ్ళ రాయబారి మీ బొమ్మ ఫోటో చూసి ఉబ్బిపోయాడు. "ఎర్ర జెండాల కాలంలోనే మా రోజు వస్తుందని ఒక కార్మికుడు కనిపెట్టాడు!" అన్నాడు. ప్రదర్శన ఖర్చంతా వాళ్ళే భరిస్తామన్నారు. మీ బొమ్మ పత్రికలో పడింది. దాని కింద "ముందే చూసినవాడు" అని మా డైరెక్టరే రాయించారు.

పత్రిక నాన్న కంట పడింది. "అప్పుడే అనుకున్నాం! వాడు వాళ్ళ మనిషి!" అని పక్కింటివాళ్ళకి వినపడేలా అరిచారు. మీకూ ఆ దేశానికీ అప్పట్లో ఏమైనా సంబంధం ఉందా బాబాయ్? ఉంటే ఇప్పుడు చెప్పడం మంచిదే. మంచి పేరే వస్తుంది.

మీ అమ్మాయి

ఫిబ్రవరి 26

అమ్మాయికి,

ఆ నీలం జెండా దేశం నేను బొమ్మ వేసేనాటికి పుట్టలేదు. మీ దగ్గర పుస్తకాలు ఉంటాయి, చూసుకో. పుట్టని దేశానికి ఎలా అమ్ముడుపోతాను? అమ్ముడుపోయేవాణ్ణయితే రంగుల కొట్టాయనకే పోయేవాణ్ణి. దగ్గర కదా.

భయం సంగతి. నాకు భయం లేదు. నలుగురిలో మాట్లాడ్డం రాదు, అది వేరే. మీ వ్యాఖ్యానం గారు లాండ్రీ కథ అన్నాడట. లాండ్రీ ఆయన పోయి చాలా కాలమైంది గానీ బోర్డు ఇంకా ఉంది, దుమ్ము కొట్టుకుపోయి. గోడని కోసుకెళ్ళేవాళ్ళు ఆ బోర్డు కూడా చూసుకోవచ్చు. అదే నీలం.

ఎరుపు డబ్బా కమిటీ గదిలో ఉంచితే ఒక పక్షం వాళ్ళు ఇంకో పక్షం బ్యానర్లకి ఎత్తుకుపోతారని కార్యదర్శి ఇంట్లో ఉంచారు. మీ నాన్న మొదట గిన్నెలో కొంచెం పోసి ఇచ్చాడు. చుక్క కింద పడితే నా వైపు కోపంగా చూశాడు. అంత జాగ్రత్త.

అన్నట్టు ఒక సంగతి. నీకు చిన్నప్పుడు చెక్కతో చేసిన మూడు చక్రాల బండి ఉండేది. మూడో ఏట నీకు జ్వరం వచ్చి కాళ్ళలో బలం పోయింది. తొక్కిస్తే నడక వస్తుందని డాక్టర్ చెప్పాడు. మీ నాన్న మిల్లు పాత చెక్క తెచ్చి తనే చేశాడు. వడ్రంగం రాదు ఆయనకి. ఒక చక్రం కొంచెం పెద్దది. నువ్వు తొక్కితే ఎటు పోవాలనుకున్నా కుడికే పోయేది, ఎర్రజెండా కార్యదర్శి ఇంట్లో బండి ఎడమకి పోక కుడికి పోతుందేమిటని అందరూ నవ్వేవాళ్ళు. అది ఉందా? ఉంటే ఉందని రాయి. లేకపోతే వదిలెయ్. మీ నాన్నని మాత్రం అడగకు.

బాబాయి

మార్చి 10

బాబాయ్‌కి,

అడగొద్దన్నారు గానీ అడిగేశాను. ఇంట్లో ఇద్దరమే, ఏ మాటైనా ఆయనతోనే కదా! బండి ఉంది. ఇల్లు మారినప్పుడల్లా నాన్నే ఎత్తుకొస్తారు, సామాను బండిలో పెట్టనివ్వరు. ఇప్పుడు బీరువా మీద గుడ్డ కప్పి ఉంది. ఒకసారి రంగు పోతోంది, కొత్తది వేయిద్దాం నాన్నా అంటే నా మీద ఎప్పుడూ లేనంత కోప్పడ్డారు.

"బాబాయ్ నా బండి ఉందా అని అడిగారు నాన్నా" అన్నాను. తాగుతున్న గ్లాసు కింద పెట్టేశారు. "ఇంకేం రాశాడు?" అన్నారు. ఇంకేం లేదంటే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు. భోజనానికి రాలేదు. మర్నాడు షేవింగ్ చేసుకుని వచ్చి, "ప్రారంభం రోజు నేనూ వస్తాను. వాడి సంగతి అందరి ముందూ చెబుతాను" అన్నారు. ఉపన్యాసం రాస్తున్నారు. పద్నాలుగు పేజీలయింది. కాగితం అడ్డం పెట్టుకుని రాస్తున్నారు, నన్ను చూడనివ్వరు. బండి గురించి అడిగితే అంత కోపం ఎందుకు బాబాయ్? మీ ఇద్దరూ ఆ బండి మీద కూడా పోట్లాడుకున్నారా?

గోడ వచ్చేసింది. బొమ్మలు శుభ్రం చేసే అమ్మాయి ఒక సంగతి కనిపెట్టింది. జెండాలో కర్ర పక్కన జానెడు ఎరుపే ఉంది, దాని మీదకి నీలం వచ్చింది. "చూడండి, కుంచె నడుస్తుండగా తిరగబడ్డాడు!" అని వ్యాఖ్యానం గారు ఎగిరి గంతేశారు. దాని మీద ఇంకో వ్యాసం రాస్తున్నారు.

డైరెక్టర్ మిమ్మల్ని వేదిక మీదకి పిలవమన్నారు. ఎక్కువ మాట్లాడక్కర్లేదు. "నేను ముందే చూశాను" అని ఒక్క మాట. నాన్న ఆ పద్నాలుగు పేజీలు చదివాక ఆ ఒక్క మాట అంటే రాయబారి శాంతిస్తాడు, నా ఉద్యోగం నిలబడుతుంది. రైలు టికెట్ ఇందులో పెట్టాను. కింది బెర్తే.

మీ అమ్మాయి

మార్చి 18

అమ్మాయికి,

టికెట్ వెనక్కి పంపుతున్నాను. పాడుచెయ్యకు, ఎవరికైనా పనికొస్తుంది.

నేను రాను. కోపంతో కాదు. ఆ రోజు సంగతి నీకెవరూ చెప్పలేదు కాబట్టి రాస్తాను. పెద్ద నాయకుడు తెర లాగాడు. క్యాంటీన్ నిండా జనం. చప్పట్లకి చేతులెత్తినవాళ్ళు ఎత్తినట్టే ఉండిపోయారు. నాయకుడు చాలాసేపు చూసి, "ఇది ఏ దేశం కామ్రేడ్?" అని అడిగాడు. లాండ్రీ అనబోయి ఆగాను.

సాయంత్రం కమిటీ కూర్చుంది. ఒక పక్షం నేను రెండో పక్షం మనిషినంది. రెండో పక్షం నేను యజమాని మనిషినంది. ఇంకొకాయన ఇద్దరూ కాదు, సముద్రం అవతలి వాళ్ళ మనిషి అన్నాడు. "ఏమన్నా చెప్పుకుంటావా?" అన్నారు. రంగు అయిపోయింది అన్నాను. "డబ్బాడు రంగు ఎలా అయిపోతుంది?" అన్నారు. తెలియదు అన్నాను. నన్ను యూనియన్‌లోంచి తీసెయ్యడానికి చేతులెత్తమన్నారు. అప్పటిదాకా ఒకరి మొహం ఒకరు చూసుకోని రెండు పక్షాలూ కలిసి చేతులెత్తాయి. మీ నాన్న చెయ్యి ఆఖర్న లేచింది. లేచింది మాత్రం నిజం.

ఆ తర్వాత యూనియన్ వాళ్ళు బోర్డు పని ఇవ్వలేదు. యూనియన్ మనిషినని షాపులవాళ్ళూ ఇవ్వలేదు. లాండ్రీ ఆయన ఒక్కడే ఏటేటా బోర్డు కొత్తగా రాయించుకున్నాడు. అవసరం లేకపోయినా.

కాబట్టి మీ నాన్నని చదవనీ. పద్నాలుగు పేజీలూ చదవనీ. మధ్యలో నీళ్ళివ్వు, గొంతు ఆరిపోతుంది ఆయనకి. నా గురించి అంతసేపు మాట్లాడతాడంటే నాకు అదే పండగ. నేను ఎదురుగా ఉంటే చదవలేడు. వచ్చినవాళ్ళకి నేను ముందే చూశానని నువ్వే చెప్పు. అబద్ధమే. నీ ఉద్యోగం కన్నా ఎక్కువ కాదు.

బండి సంగతి వదిలెయ్. ఉంది కదా, చాలు.

బాబాయి

ఏప్రిల్ 4

బాబాయ్‌కి,

రెండుసార్లు మొదలుపెట్టి చింపేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మొన్న ప్రారంభం. గోడ హాల్లో నిలబెట్టి అద్దం బిగించాం. ముందు తాడు, పక్కన కాపలా మనిషి. రాయబారి నీలం టై కట్టుకొచ్చి జెండా కింద ఫోటోలు దిగాడు. వ్యాఖ్యానం గారు గంట మాట్లాడారు. కరెంటు స్విచ్చుల గురించి కూడా మాట్లాడారు, అవి వ్యవస్థకి గుర్తట. తర్వాత నాన్నని పిలిచారు. "నాడు ఈ చిత్రకారుణ్ణి వెలివేసిన కార్యదర్శి, స్వయానా అన్నగారు" అనగానే హాలంతా గుసగుసలు.

నాన్న కాగితాలు పట్టుకుని లేచి మైకు దగ్గరకి కాకుండా బొమ్మ దగ్గరకి వెళ్ళారు. "పెద్దాయనా, తాడు వెనక్కి" అన్నాడు కాపలా మనిషి. అక్కడే నిలబడి చూశారు. అంట్లు తోమే యంత్రం దగ్గర చాలాసేపు ఆగారు. ఆఖరికి జెండా చూశారు. తిరిగొచ్చి కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు.

"డబ్బాలో ఎరుపు నేను తీశాను. ఇంట్లో పనికి వాడుకున్నాను. వాడి తప్పు లేదు" అన్నారు.

కూర్చున్నారు. అంతే బాబాయ్.

కెమెరాలన్నీ నాన్న వైపు తిరిగాయి. తర్వాత చప్పట్లు! లేచి నిలబడి కొట్టారు. వ్యాఖ్యానం గారు మైకు లాక్కుని, "ఇంతటి ఆత్మవిమర్శ నా జన్మలో వినలేదు! ప్రపంచానికి పంచాల్సిన ఎరుపుని మేం ఇంట్లో వాడుకున్నాం అని ఒక తరం మొత్తం తరఫున ఒప్పుకుంటున్నారు!" అన్నారు. రాయబారి పరుగున వచ్చి నాన్నని కౌగిలించుకున్నాడు. నాన్న గింజుకుంటూ, "కాదయ్యా, డబ్బా! రంగు డబ్బా!" అని అరుస్తున్నారు. "డబ్బా! డబ్బా!" అని రాయబారి కూడా అన్నాడు. మర్నాడు పత్రికలన్నిటిలో అదే. నా ఉద్యోగం పర్మనెంట్ అయింది. నిజం చెప్పినందుకు.

నాకు కూడా అప్పుడు అర్థం కాలేదు. ఇంటికొచ్చాక నాన్న స్టూలు వేసుకుని బీరువా ఎక్కబోయారు. పడిపోతారు నాన్నా అని అరుస్తున్నా వినకుండా బండి దించి బల్ల మీద పెట్టారు.

"ఇదిగో జెండా" అన్నారు.

అప్పుడు చెప్పారు. "ఒక్క పూత వేద్దామనుకున్నాను. నువ్వు ఇంకా ఎర్రగా కావాలని ఏడ్చావు. కాళ్ళలో బలం లేదని ఏడుస్తున్న పిల్లకి రంగు కూడా లేదంటానా? వాడికి సరిపోతుందిలే అనుకుని రెండో పూత వేశాను. డబ్బా అడుగు చూసుకోలేదు. తీర్మానం రాసింది నేనే. ఎలా చెప్పను?" మరి తర్వాతైనా చెప్పొచ్చు కదా అన్నాను. "చెయ్యెత్తినప్పుడు నా గోళ్ళ సందులో ఎరుపు అలాగే ఉంది. వాడు అదే చూశాడు. ఒక్క మాట అనలేదు. అని ఉంటే ఆ రోజే అయిపోయేది. అనకుండా చంపేశాడు నన్ను" అన్నారు.

నేను నడక నేర్చుకున్నది మీ జెండా మీద అన్నమాట. మీకు ముందే తెలుసు కదా బాబాయ్? నన్ను ఎన్ని తెలివితక్కువ ప్రశ్నలు అడగనిచ్చారు!

ఉత్తరం రాయండి నాన్నా అన్నాను. మూడు కాగితాలు పాడుచేసి, "ఏమని రాస్తారే" అని విసుక్కున్నారు. నిన్న నాలుగు షాపులు తిరిగి ఒక ఎరుపు డబ్బా కొన్నారు. అది ఒక్కటే పంపమన్నారు. వేరే పార్సెల్‌లో వస్తుంది. నిటారుగా ఉంచండి.

మీ అమ్మాయి

ఏప్రిల్ 16

అన్నయ్యకి,

తమ్ముడు రాసేది. నా రాత నీకు తెలిసిందే.

డబ్బా అందింది. పోస్టుమాన్ బాంబేమో అని దూరంగా పట్టుకుని తెచ్చాడు. మూత చెంచాతో లేపాను. మంచి రంగు. అప్పటిదానికన్నా చిక్కన.

అమ్మాయి అంతా రాసింది. నీ గోరు చూసిన మాట నిజమే. కానీ సంగతి నాకు అంతకు ముందే తెలుసు. తెర తీసే ముందు రోజు మధ్యాహ్నం గిన్నె పట్టుకుని మీ పెరట్లోకి వచ్చాను. బండి ఆరుతోంది. పక్కన డబ్బా బోర్లించి ఉంది. అమ్మాయి బండి చుట్టూ పాకుతోంది. తలుపు కొట్టకుండా వెళ్ళిపోయాను. కాబట్టి నువ్వు దాచింది ఏమీ లేదు. రెండో పూత మాత్రం పాడు చేశావు. చక్రాల దగ్గర కారింది. లోపలికొచ్చి కుంచె లాక్కుందామనిపించింది.

రంగు మీద నాకు ఎప్పుడూ కోపం లేదు. నేనైనా అదే పని చేసేవాణ్ణి. చెయ్యెత్తావు, అదీ సరే, అందరూ ఎత్తారు. ఆ తర్వాత వీధిలో నేను ఎదురొస్తే అవతలి పక్కకి దాటేవాడివి. అలా నలభై నాలుగేళ్ళు దాటావు. అది మాత్రం ఎక్కువ. ఒకసారి రాయాలి కాబట్టి రాశాను. ఇంక అనను.

జెండా పూర్తి చెయ్యమని డబ్బా పంపావేమో అనుకున్నాను. ఇప్పుడు మనిద్దరం కుంచెలు పట్టుకుని వెళ్ళినా రానివ్వరు. అద్దం, తాడు, కాపలా. వచ్చే కాలం వాళ్ళ సొత్తయింది. నీలమే ఉండనీ. ఆ దేశం కూడా ఎన్నాళ్ళు ఉంటుందో చూద్దాం. లాండ్రీ ఆయన ఉంటే మురిసిపోయేవాడు.

బొమ్మలో ఇళ్ళకి తలుపులు వెయ్యలేదన్న వెలితి నాకు ఇన్నేళ్ళూ ఉంది. కొత్త రంగు ఊరికే ఉంచలేక నా ఇంటి తలుపుకి వేశాను. వీధిలో ఎర్ర తలుపు ఇదొక్కటే. ఎవరినీ అడగకుండా రావచ్చు. అవతలి పక్కకి దాటడానికి కూడా లేదు, అటు కాలవ.

సగం డబ్బా ఉంచాను. బండి తీసుకురా. పాత రంగు గీకను, కారిన చోట సరిచేస్తాను. ఆ పెద్ద చక్రం కూడా చూద్దాం.

మూత తీసిన రంగు ఎక్కువ రోజులు ఆగదు, పైన తెట్టు కట్టి గట్టిపడిపోతుంది. కాబట్టి మూడు కాగితాలు పాడుచెయ్యకుండా మొదటి కాగితం మీదే జవాబు రాయి. తిట్టినా సరే. తొందరగా రాయి.

నీ తమ్ముడు,
నీలం జెండా గాడు